మందు ఒంటికి పట్టడం అంటే: హెచ్ఐవీ ఉన్న శరీరంలో యాంటీబయాటిక్ ఏమవుతుంది

నౌపడలో బయలుదేరి గుణుపురం పోయే రైలు పాతపట్నం దాటగానే ఒడిశాలో అడుగుపెట్టి పర్లాకిమిడిలో ఆగుతుంది. తర్వాత కాశీనగర్, ఆఖరున వంశధార ఒడ్డున గుణుపురం. పేరుకు రెండు రాష్ట్రాలే గాని పెట్టెలో తెలుగూ ఒడియా ఒకే నోట వినిపిస్తాయి. ఈ దారిలో ఏ ఊళ్ళో దిగి మందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవినపడుతుంది: "ఆ బిళ్ళలు వాడీసేం బాబూ, ఒంటికి పట్టలేదు. పవరెక్కువది ఇయ్యి."

"ఒంటికి పట్టలేదు" అన్నది చదువుకున్నవాళ్ళ చెవికి మొరటు మాట. నిజానికి వైద్యంలో ఒక పెద్ద ప్రశ్న ఆ రెండు మాటల్లోనే ఉంది. మందు పనిచెయ్యకపోవడం రెండు రకాలు. మందు క్రిమి దాకా చేరినా క్రిమి లొంగకపోవడం ఒకటి. క్రిమి లొంగే రకమే అయినా మందు దాని దాకా చేరకపోవడం రెండోది. మొదటిదానికి మొండి టీబీ లాంటి పేర్లున్నాయి, పరీక్షలున్నాయి. కఫంలోని టీబీ క్రిమి ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు కొన్ని గంటల్లో తేల్చేస్తాయి. రెండోదానికి జిల్లా ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్ష లేదు. అందుకని దాని ఊసు ఎవరూ ఎత్తరు, మందు మార్చేస్తారు. హెచ్ఐవీ ఉన్న మనిషి విషయంలో ఎత్తవలసిన మొదటి ఊసు ఇదే.

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలస పోవడం తరాల నాటి సంగతి. ఒడిశాలో హెచ్ఐవీ కేసులు ఎక్కువగా బయటపడిన జిల్లా కూడా గంజామే. ఈ రెండింటికీ ఉన్న ముడి గురించి ఆరోగ్య శాఖలో చాలాకాలంగా మాట్లాడుకుంటున్నారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు తక్కువేం కాదు. వాళ్ళు వైద్యానికి ఒకసారి బరంపురం వెళ్తారు, ఇంకోసారి శ్రీకాకుళం, మరీ తప్పకపోతే విశాఖ కేజీహెచ్. ఇలా అటూఇటూ తిరగడం వల్ల మందుల లెక్కలో ఏం తేడా వస్తుందో తర్వాత చూద్దాం. ముందు ఒంట్లో జరిగేది చూడాలి.

ఒక మనిషిని ఊహించుకుందాం. పదేళ్ళు సూరత్‌లో మగ్గం నడిపి ఇంటికొచ్చాడు. వయసు 36, బరువు 38 కిలోలు. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, రోజుకు నాలుగైదు విరేచనాలు. రక్తపరీక్షలో హెచ్ఐవీ, కఫంలో టీబీ తేలాయి. హెచ్ఐవీ దెబ్బతీసే సీడీ4 రక్షణ కణాల లెక్క 60, అంటే బాగా పడిపోయినట్టే. టీబీ నాలుగు మందులూ కలిపిన బిళ్ళ ఒక్కోదాంట్లో రిఫాంపిసిన్ 150 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 75, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 ఉంటాయి. ఆయన బరువుకు రోజుకు మూడు బిళ్ళలు, అంటే రిఫాంపిసిన్ 450. కిలోకు దాదాపు 12 మిల్లీగ్రాములు పడుతోంది. కాగితం మీద లోటేమీ లేదు. అయినా రక్తంలో మందు చాలకపోవచ్చు. ఎందుకని?

నూగు రాలిన మఖమల్

మింగిన బిళ్ళకు ఒంట్లో నాలుగు మజిలీలు. పేగు దాన్ని లోపలికి తీసుకోవాలి, రక్తం ఒళ్ళంతా పంచాలి, కాలేయం విరగ్గొట్టాలి, మూత్రపిండాలో పిత్తమో బయటికి పంపాలి. హెచ్ఐవీ ఈ నాలుగింటినీ తాకుతుంది గాని అన్నింటినీ ఒకేలా కాదు. టీబీ మందులకు సంబంధించినంత వరకు ఎక్కువ దెబ్బ మొదటి మజిలీలోనే.

చిన్నపేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. సన్నటి నూగులాంటి మొలకలు లక్షల్లో ఉంటాయి. తిన్న తిండైనా మింగిన మందైనా రక్తంలోకి వెళ్ళేది వాటి మీదుగానే. ఆ గోడలోనే సీడీ4 కణాలు గుంపులుగా కాపలా ఉంటాయి. హెచ్ఐవీ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే, రక్తపరీక్షలో సీడీ4 ఇంకా బాగానే కనిపిస్తున్న రోజుల్లోనే, పేగులోని ఆ కాపలా చాలావరకు కూలిపోతుంది. తర్వాత్తర్వాత మొలకలు పొట్టివై, బల్లపరుపవుతాయి. మఖమల్ మీద నూగు రాలితే ఏం మిగులుతుంది? పీల్చుకునే చోటు తగ్గిపోతుంది. దానికి తోడు క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు చేరితే వచ్చే విరేచనాల్లో బిళ్ళ పూర్తిగా కరిగి లోపలికి ఇంకేలోపే ముందుకు జారిపోతుంది.

ఇది వట్టి ఊహ కాదని చూపించిన పని మనకు దగ్గర్లోనే జరిగింది. చెన్నైలోని టీబీ పరిశోధన కేంద్రం, ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థగా పిలుస్తున్నది, 2004లో కొన్ని ఫలితాలు ప్రకటించింది. పరిశోధకులు పట్టుకున్న కొస చాలా తేలికైనది. జైలోజ్ అనే ఒక చక్కెరను శరీరం పెద్దగా వాడుకోదు. తాగిస్తే పేగు పీల్చుకున్నంత మూత్రంలో తేలుతుంది. కాబట్టి మూత్రంలో జైలోజ్ తగ్గితే పేగు పీల్చడం తగ్గినట్టే. హెచ్ఐవీ ముదిరి విరేచనాలున్నవాళ్ళలో, హెచ్ఐవీతో పాటు టీబీ ఉన్నవాళ్ళలో జైలోజ్ తగ్గింది, దాంతో పాటే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ కూడా తగ్గాయి. అంటే లోపం బిళ్ళలోనూ కాదు, మింగే మనిషి క్రమశిక్షణలోనూ కాదు, పేగు గోడలోనే ఉంది.

రిఫాంపిసిన్ మింగిన రెండు మూడు గంటలకు రక్తంలో మిల్లీలీటరుకు 8 నుంచి 24 మైక్రోగ్రాముల మధ్య ఉండాలన్నది నిపుణులు పెట్టుకున్న గీత. టీబీ క్రిమిని చంపడంలో ఈ మందు బలమంతా మోతాదు మీదే ఆధారపడుతుంది. సగం అందితే సగం పని చేస్తుందనుకోవడానికి లేదు, గీతకు బాగా కిందికి పడితే ఆ పూట వృథా అయినట్టే. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. హెచ్ఐవీ ఉన్న ప్రతివాళ్ళలోనూ మందు తగ్గుతుందని అన్ని పరిశోధనలూ చెప్పలేదు. కొన్నింటిలో తేడాయే కనిపించలేదు. హెచ్ఐవీ లేని టీబీ రోగుల్లోనూ, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళలో, రిఫాంపిసిన్ గీత దాటకపోవడం మామూలే. బొట్స్వానాలో చేసిన ఒక పరిశోధనలో ఎక్కువమందిలో రిఫాంపిసిన్ తక్కువగానే ఉంది గాని, జబ్బు నయం కాకపోవడంతో గట్టిగా ముడిపడింది మాత్రం పైరజినమైడ్ తగ్గడం. పైరజినమైడ్ తగ్గినవాళ్ళు కొద్దిమందే, దెబ్బతిన్నది వాళ్ళే. కాబట్టి తేల్చి చెప్పగలిగింది ఇంత: సీడీ4 బాగా పడిపోయి, బరువు తగ్గి, విరేచనాలున్న మనిషిలో మందు అందకపోయే అవకాశం ఎక్కువ. రోజూ పనికి పోతూ, హెచ్ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు క్రమంగా వాడుతున్న మనిషికి ఆ భయం తక్కువ.

మూత్రం రంగు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. రిఫాంపిసిన్ పొద్దున్నే మింగితే కొన్ని గంటల్లో మూత్రం నారింజ రంగుకో ఎరుపుకో మారుతుంది. "మందు వేడి చేసి నెత్తురు పడుతోంది" అని భయపడి మానేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది నెత్తురు కాదు, మందు రంగే. కన్నీళ్ళకు, చెమటకు కూడా ఆ ఛాయ పడుతుంది. బిళ్ళ మింగారా లేదా అని చూడటానికి ఆరోగ్య కార్యకర్తలకు అది చేతిలోని పరీక్ష. మందు ఒంట్లోకి ఎంతోకొంత వెళ్ళిందనడానికి ఆ రంగు సాక్ష్యమే. చాలినంత వెళ్ళిందనడానికి మాత్రం కాదు. కొంచెం వెళ్ళినా రంగు వస్తుంది.

క్రిమి మందులన్నీ పేగు దగ్గర ఒకేలా నడుచుకోవు. కడుపులో ఆమ్లం ఉంటేనే కరిగే ఇట్రాకొనజోల్ గొట్టం బిళ్ళలు (క్యాప్సూల్స్) హెచ్ఐవీ ముదిరినవాళ్ళకు సరిగా పట్టవు, ఎందుకంటే వాళ్ళలో చాలామందికి కడుపులో ఆమ్లమే తగ్గి ఉంటుంది. ఫ్లుకొనజోల్‌కు ఆ పట్టింపు లేదు. రెండూ బూజు జాతి జబ్బులకు ఇచ్చే అన్నదమ్ముల లాంటి మందులే, ఒంట్లో తీరు మాత్రం వేరు. ఇక సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్‌ల బెడద హెచ్ఐవీ వల్ల వచ్చేది కాదు, పక్కన మింగే వాటి వల్ల వచ్చేది. ఐరన్ బిళ్ళ, కాల్షియం బిళ్ళ, అల్యూమినియమో మెగ్నీషియమో ఉన్న గ్యాస్ సిరప్పు, ఇవి కడుపులోనే ఆ మందును అంటిపట్టుకుని లోపలికి పోనివ్వవు. అల్యూమినియం ఉన్న గ్యాస్ మందు ఐసోనియాజిడ్‌ను కూడా తగ్గిస్తుంది. టీబీ బిళ్ళలు కడుపులో మంట పెడుతున్నాయని వాటి మీదే ఒక మూత గ్యాస్ సిరప్పు తాగడం ఎంత మామూలో, ఎంత అమాయకంగా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పంపకం

రెండో మజిలీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రక్తంలో చాలా మందులు అల్బుమిన్ అనే ప్రొటీన్ వీపెక్కి తిరుగుతాయి. వీపు దిగిన మందే క్రిమి మీద పనిచేస్తుంది. న్యుమోనియాకు సూదిమందుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ ఎక్కువభాగం, మామూలుగా 85 నుంచి 95 శాతం దాకా, ఇలా వీపు మీదే ఉంటుంది. చిక్కి శల్యమైన మనిషిలో అల్బుమిన్ తగ్గుతుంది, దిగిన మందు పెరుగుతుంది. వినడానికి మంచిదే. అయితే అలా దిగిన మందు మూత్రంలో త్వరగా బయటికి కూడా పోతుంది. కాళ్ళవాపు, పొట్టలో నీరు ఉంటే అమికాసిన్ లాంటి నీళ్ళలో కరిగే మందులు ఆ నీటిలో పలచబడతాయి. మనిషి తూకం వేస్తే కనిపించే బరువులో ఎంత ఒళ్ళు, ఎంత నీరు అన్నది తక్కెడ చెప్పదు.

కాలేయం దగ్గర తగాదా

మూడో మజిలీలో కథ తిరగబడుతుంది. పేగు దగ్గర మందు తక్కువయ్యే గొడవ. కాలేయం దగ్గర మందు విరిగేటప్పుడు పుట్టే ముక్కలతో గొడవ.

కోట్రైమాక్సజోల్‌ను తీసుకుందాం. సెప్ట్రాన్ అనో బాక్ట్రిమ్ అనో షాపుల్లో తెలిసిన మందే. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు ఇది జబ్బు వచ్చాక ఇచ్చే మందు కాదు, రాకుండా రోజూ ఇచ్చేది. సీడీ4 350 కన్నా తక్కువున్నవాళ్ళకు రోజుకో 960 మిల్లీగ్రాముల బిళ్ళ, అందులో సల్ఫామెథాక్సజోల్ 800, ట్రైమెథోప్రిమ్ 160. న్యుమోసిస్టిస్ న్యుమోనియా, మెదడుకొచ్చే టాక్సోప్లాస్మా, ఇంకా కొన్ని మామూలు బాక్టీరియా జబ్బులు రాకుండా కాస్తుంది. ఇంత చవగ్గా ఇంతమందిని బతికించిన మందులు చాలా తక్కువ.

ఇందులోని సల్ఫా ముక్కను కాలేయం ఎక్కువగా నెమ్మదైన దారిలోనే విరుస్తుంది. కొంత మాత్రం పక్కదారి పట్టి హైడ్రాక్సిలమిన్ అనే ఘాటు పదార్థంగా మారుతుంది. ఆరోగ్యవంతుడి ఒంట్లో గ్లుటాథయోన్ అనే కాపరి దాన్ని వెంటనే చల్లారుస్తుంది. హెచ్ఐవీ ముదిరిన ఒంట్లో గ్లుటాథయోన్ నిల్వలు తగ్గిపోయి ఉంటాయి. చల్లారని ఆ పదార్థం ఒంటి ప్రొటీన్లకు అంటుకుంటుంది, రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా చూస్తుంది. రెండో వారం అటూఇటూగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం. హెచ్ఐవీ లేనివాళ్ళలో నూటికి ముగ్గురు నలుగురికి వచ్చే ఈ దద్దు హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. మందు మారలేదు, మోతాదు మారలేదు, ఒంట్లో దాన్ని చల్లార్చే వనరు మారిపోయింది.

ఈ సిద్ధాంతం ఎంత ముచ్చటగా ఉన్నా, దాన్ని పట్టుకుని వేసిన ఒక ఎత్తు పారలేదు. గ్లుటాథయోన్ పెంచుతుందని ఎసిటైల్‌సిస్టీన్ ముందుగా ఇచ్చి చూశారు, దద్దుర్లు తగ్గలేదు. పనిచేసింది ఇంకా సాదా ఉపాయం: చిటికెడు మోతాదుతో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పూర్తి మోతాదుకు రావడం. తేలికపాటి దద్దు వచ్చి మానేసినవాళ్ళలోనూ చాలామందికి ఇలా మెల్లగా మళ్ళీ అలవాటు చెయ్యగలుగుతున్నారు. నోట్లో, కళ్ళలో పుళ్ళు వచ్చినా, చర్మం పొక్కులెక్కి ఊడుతున్నా మాత్రం ఆ మందు జోలికి మళ్ళీ పోకూడదు.

కాలేయంలో ఇంకో రకం తేడా కూడా ఉంది. హెచ్ఐవీకి మందు వాడని ఒళ్ళు లోలోపల ఎప్పుడూ ఉడుకుతూ ఉంటుంది, అంటే వాపు సంకేతాలు రక్తంలో నిత్యం తిరుగుతుంటాయి. ఆ సంకేతాలు కాలేయంలోని కొన్ని ఎంజైముల పనిని, ముఖ్యంగా సీవైపీ3ఏ4 అనేదాన్ని, మందగింపజేస్తాయి. అంటే కొన్ని మందులు మామూలుకన్నా ఎక్కువసేపు నిలుస్తాయి. ఒకే మనిషిలో పేగు కొన్ని మందుల్ని తగ్గిస్తుంటే కాలేయం మరికొన్నింటిని పెంచుతుంటుందన్నమాట. "హెచ్ఐవీ ఉంటే మోతాదు పెంచాలి" అని గంపగుత్తగా చెప్పలేనిది ఇందుకే. పైగా టీబీ బిళ్ళలో నాలుగు మందులూ కలిసే ఉంటాయి. రిఫాంపిసిన్ చాలడం లేదని ఒక బిళ్ళ ఎక్కువ మింగితే కాలేయానికి చేటు చేసే పైరజినమైడ్, ఐసోనియాజిడ్ కూడా దాంతో పెరిగిపోతాయి.

సరిహద్దు ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి మలేరియా ప్రాంతాలు. ఈశాన్య రాష్ట్రాలు తప్పించి మన దేశంలో ఫాల్సిపేరం మలేరియాకు ఆర్టిసునేట్‌తో పాటు సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ కలిపి ఇస్తూ వచ్చారు. సల్ఫాడాక్సిన్ కూడా సల్ఫాయే. అప్పటికే రోజూ కోట్రైమాక్సజోల్ మింగుతున్న మనిషికి ఇది తోడైతే ఒకే జాతి మందు రెండు చేతుల నుంచి పడ్డట్టు. చర్మానికీ రక్తానికీ ముప్పు పెరుగుతుంది. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న కుటుంబాలు కూడా ఏజెన్సీలో ఉన్నాయి. అలాంటివాళ్ళలో డాప్సోన్, ప్రైమాక్విన్ ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. కోట్రైమాక్సజోల్ పడనివాళ్ళకు బదులుగా ఇచ్చేది డాప్సోనే కాబట్టి, ఆ మార్పుకు ముందు జీ6పీడీ పరీక్ష చెయ్యాలనడం చాదస్తమేం కాదు.

ఉద్దానం పక్కన

నాలుగో మజిలీ మూత్రపిండాలు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మండలాల్లో, అంటే గంజాం సరిహద్దును ఆనుకుని ఉన్న ఉద్దానంలో, కారణం తేలని కిడ్నీ జబ్బు సంగతి తెలుగువాళ్ళకు చెప్పనక్కర్లేదు. బరంపురం ఆసుపత్రికీ ఉద్దానానికీ మధ్య దూరం బస్సులో ఒక పూట కూడా కాదు. అలాంటి చోట హెచ్ఐవీ మందుల్లోని టెనోఫోవిర్, మొండి టీబీకి ఇదివరకు ఎక్కువగా వాడిన అమికాసిన్ కలిస్తే రెండూ మూత్రపిండాల గొట్టాల మీదే బరువు వేస్తాయి. మందు బయటికి పోకపోతే రక్తంలో పేరుకుంటుంది, పేరుకున్న అమికాసిన్ చెవుల్ని కూడా పాడుచేస్తుంది.

కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితం చదవడంలోనూ ఒక మెలిక ఉంది. కోట్రైమాక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్, హెచ్ఐవీ మందు డాల్యుటెగ్రావిర్ రెండూ మూత్రపిండం క్రియాటినిన్‌ను బయటికి తోసే ఒక ద్వారాన్ని కొంత మూస్తాయి. అందువల్ల కిడ్నీ బాగానే ఉన్నా రక్తంలో క్రియాటినిన్ కొద్దిగా పెరిగి కనిపిస్తుంది. ఏఆర్‌టీ మొదలైన నెలలోపు వచ్చి అక్కడే ఆగిపోయే కొద్దిపాటి పెరుగుదల చూసి మందులన్నీ ఆపేస్తే నష్టం. ఉద్దానం మనిషి కదా, ఇదంతా మామూలేలే అని నిజంగా పెరుగుతున్నదాన్ని వదిలేసినా నష్టమే. నెలనెలా కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. రెండు రాష్ట్రాల్లో రెండు ఆసుపత్రులు తిరిగే మనిషి చేతిలో ఆ కాగితాలు ఒకచోట ఉండవు.

వారానికి మూడు రోజుల మందు

మందు అందకపోతే జబ్బు తగ్గకపోవడం ఒక్కటే కాదు, కొత్త మొండితనం పుడుతుంది. ఇందుకు టీబీ చరిత్రలో గట్టి రుజువులున్నాయి. 1999లో అమెరికా పరిశోధన ఒకటి బయటికొచ్చింది. వారానికి ఒక్కసారి రిఫాపెంటిన్ (రిఫాంపిసిన్ జాతి మందే), ఐసోనియాజిడ్ ఇచ్చిన 30 మంది హెచ్ఐవీ రోగుల్లో ఐదుగురికి టీబీ తిరగబెట్టింది, ఆ ఐదుగురిలో నలుగురికి రిఫాంపిసిన్ జాతికి లొంగని క్రిమి. కారణం వెతికితే ఐసోనియాజిడ్ దగ్గర తేలింది. ఐసోనియాజిడ్ రక్తంలో తక్కువగా ఉన్న రోజుల్లో రిఫాపెంటిన్ ఒంటరిగా పోరాడింది. ఒంటరి మందుకు అలవాటుపడటం క్రిమికి తేలిక.

మన దేశంలో 1997 నుంచి డాట్స్ కింద టీబీ మందులు వారానికి మూడు రోజులే ఇచ్చేవారు. దగ్గరుండి మింగించడానికి అది వీలు. పేగు బాగున్న మనిషికి ఆ పద్ధతి చాలావరకు నడిచింది. పేగు చెడి, ప్రతి మోతాదులోనూ కొంత జారిపోయే మనిషికి మధ్యలో వచ్చే ఖాళీ రోజులు ఇంకా ఖాళీ అయిపోతాయి. తమిళనాడులో హెచ్ఐవీ, టీబీ రెండూ ఉన్నవాళ్ళ మీద చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో రోజూ మందు వాడినవాళ్ళలో 91 శాతానికి ఫలితం బాగుంది, వారానికి మూడు రోజులు వాడినవాళ్ళలో 77 శాతానికే. రిఫాంపిసిన్‌కు కొత్త మొండితనం కనిపించింది కూడా ఆ మూడు రోజుల గుంపులోనే. 2017కల్లా జాతీయ కార్యక్రమం అందరికీ రోజువారీ బిళ్ళలకు మారింది. ఈ మార్పు ఇంకా ముందే రావలసింది అనడం ఇప్పుడు తేలిక. అయినా ఆ ఆలస్యానికి మూల్యం కట్టింది హెచ్ఐవీ ఉన్నవాళ్ళే అన్నది మాత్రం మరుగున పడకూడదు.

సంచి విప్పితే

మనం ఊహించిన మనిషి దగ్గరికి తిరిగి వద్దాం. ఆయన చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులో టీబీ బిళ్ళల అట్ట, ఏఆర్‌టీ కేంద్రం డబ్బా, కోట్రైమాక్సజోల్. ఇవి మూడూ సర్కారు మందులు, రాసిన కాగితం ఉంది. అడుగున ఇంకా ఉన్నాయి: విరేచనాలకు ఊరి ఆరెంపీ ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ ఆరు బిళ్ళలు, రక్తం తక్కువని ఎవరో కొనిచ్చిన ఐరన్ బిళ్ళలు, సగం ఖాళీ అయిన గ్యాస్ సిరప్పు. వీటికి కాగితం లేదు. డాక్టరు అడిగితే ఆయన చెప్పడు కూడా. ఆయన దృష్టిలో అవి మందులు కావు, "అలా ఊరికే వేసుకునేవి."

ఐరన్ బిళ్ళ సిప్రోఫ్లాక్సాసిన్‌నే కాదు, ఖాళీ కడుపున డాల్యుటెగ్రావిర్‌ను కూడా పట్టుకుంటుంది. డాల్యుటెగ్రావిర్ మింగిన రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో ఐరన్ వేసుకోవచ్చు. లేదంటే రెండూ అన్నంతో కలిపి వేసుకోవచ్చు. పొద్దున్న చోడి అంబలి తాగేటప్పుడు ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి అని చెబితే ఎవరికైనా గుర్తుంటుంది. "డైవలెంట్ కాటయాన్లు" అని చెబితే ఎవరికీ ఉండదు. సిప్రోఫ్లాక్సాసిన్ ఇంకో రకంగా కూడా చేటు. దాని తోబుట్టువులు లీవోఫ్లాక్సాసిన్, మాక్సీఫ్లాక్సాసిన్ మొండి టీబీకి కీలకమైన మందులు. టీబీ తేలకముందు దగ్గుకని ఈ జాతి బిళ్ళలు వారమేసి రోజులు మింగితే జబ్బు కాస్త అణిగినట్టు కనిపించి పరీక్ష ఆలస్యమవుతుంది, ఆ మందుకు క్రిమి మొండికెత్తే దారి కూడా తెరుచుకుంటుంది.

రిఫాంపిసిన్ కాలేయాన్ని రెచ్చగొట్టే మందు. ఎంజైములను పెంచి తనను తాను త్వరగా విరిచేసుకుంటుంది, పక్కనున్న మందుల్నీ విరుస్తుంది. అందుకే టీబీ మందులతో పాటు డాల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు ఒకసారి చాలదు, పన్నెండు గంటల తేడాలో రెండుసార్లు వెయ్యాలి. డాల్యుటెగ్రావిర్‌తో పాటు ఇంకో రెండు హెచ్ఐవీ మందులు కలిసిన టీఎల్‌డీ డబ్బాలోది ఒక పూట, విడిగా ఇచ్చిన డాల్యుటెగ్రావిర్ రెండో పూట. ఈ రెండో పూట బిళ్ళ ఎందుకో అర్థం కాక "ఒకే మందు రెండుసార్లు రాసేశారు" అని పక్కన పడేసేవాళ్ళున్నారు. టీబీ మందు ఒక రాష్ట్రంలో, ఏఆర్‌టీ ఇంకో రాష్ట్రంలో తీసుకునేవాళ్ళకైతే ఆ రెండో బిళ్ళ రాసే అవకాశమే తప్పిపోవచ్చు, ఎందుకంటే ఒకరు రాసింది రెండోవాళ్ళు చూడరు. పర్లాకిమిడిలో ఒడియా చీటీ, పాతపట్నంలో తెలుగు చీటీ. మందుల పేర్లు మాత్రం రెండింటిలోనూ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, చీటీలు రెండూ ఒకే సంచిలో ఉంటే చాలు, ఎవరైనా చదవగలరు.

ఏఆర్‌టీ మొదలయ్యాక కొన్ని వారాలకు జ్వరం తిరగబెట్టి గడ్డలు లేచినా "మందు పట్టలేదు" అనే అంటారు. ఇది మొదట్లో చెప్పుకున్న రెండు రకాల్లో ఏదీ కాదు, మూడోది. కోలుకుంటున్న రక్షణ వ్యవస్థ అప్పటిదాకా పట్టించుకోని టీబీ క్రిమి మీద ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల వచ్చే మంట. మందు మార్చాల్సిన పని ఉండదు.

మందు అందుతోందా అని చూడటానికి రక్తంలో మందు మట్టం కొలిచే పరీక్ష ఉంటే మేలే గాని, అది లేనిచోట తక్కెడే దగ్గరి సాధనం. ఏఆర్‌టీతో వైరస్ అణిగాక విరేచనాలు ఆగుతాయి, పేగు మెల్లగా తేరుకుంటుంది. రక్తంలో సీడీ4 పెరిగినంత త్వరగా పేగు గోడ కోలుకోదు, కొందరిలో పూర్తిగా కోలుకోదు కూడా. అయినా ఒళ్ళు పట్టడం మొదలవుతుంది. 38 కిలోల మనిషి నాలుగో నెలకు 51 అయ్యాడనుకుందాం. 35 నుంచి 49 కిలోల వరసలో మూడు బిళ్ళలు, 50 దాటితే నాలుగు. మొదటి రోజు చీటీలో రాసిన మూడే చివరిదాకా మింగుతూ పోతే, పేగు బాగుపడిన తర్వాత కూడా మందు కిలోకు 9 మిల్లీగ్రాములకు పడిపోతుంది.

ఆరో నెల ఆఖరున టీబీ బిళ్ళలు ఆగిపోతాయి. రిఫాంపిసిన్ పెంచిపెట్టిన ఎంజైములు మాత్రం ఆ రోజే ఆగవు, సద్దుమణగడానికి రెండు వారాలు పడుతుంది. అందుకని టీబీ ఆఖరి బిళ్ళ మింగిన తర్వాత కూడా ఆ రెండు వారాలూ డాల్యుటెగ్రావిర్ రెండో పూట బిళ్ళ కొనసాగించాలి. పదిహేనో రోజు నుంచి సంచిలో రోజుకు ఒక్క టీఎల్‌డీ, దాని పక్కన కోట్రైమాక్సజోల్.